హయత్‌నగర్ వైపు మామిడితోటలో అపార్ట్‌మెంట్లు: అభ్యంతరం ఎలా పెట్టాలి?

తోటపక్కిల్లు

నమస్కారం అందరికీ. విజయవాడ హైవే నుంచి లోపలికి వస్తే మా కాలనీ చివర మూడున్నర ఎకరాల మామిడితోట ఉంది. డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారని ఎప్పటినుంచో అంటున్నారు గానీ నేను పట్టించుకోలేదు. ఇవాళ పొద్దున బట్టలు ఆరేద్దామని డాబా ఎక్కితే, సర్వే వాళ్లు చెట్ల మొదళ్లకు సున్నంతో నంబర్లు వేస్తూ కనిపించారు. వాచ్‌మన్‌ని అడిగితే ఐదు టవర్లట, ఒక్కోటి 30 అంతస్తులట, మొత్తం 300 ఫ్లాట్లట. మా చుట్టుపక్కల అన్నీ గ్రౌండ్ ప్లస్ వన్ ఇళ్లు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. డ్రైనేజీ సంగతి చెప్పక్కర్లేదు. అసోసియేషన్ వాళ్లు సంతకాలు పెట్టిద్దాం అంటున్నారు. సంతకాలకు పని ఆగుతుందా? ఎవరికివ్వాలి? ఇలాంటివి చూసినవాళ్లుంటే చెప్పండి.

లైన్ నంబర్ 4

ఆపాల్సిందే మేడమ్. 300 ఫ్లాట్లంటే తక్కువలో తక్కువ 450 కార్లు. స్కూల్ బస్సు వచ్చే టైమ్‌లో మన రోడ్డు ఇప్పుడే కదలదు. ఇండిపెండెంట్ ఇళ్ల కాలనీ అని చూసి కొనుక్కున్నాం మనం. రేపు ఎవరెవరో వచ్చి దిగుతారు. ఆదివారం తోట గేటు దగ్గర టెంటు వేసి కూర్చుందాం. కార్పొరేటర్‌ని, టీవీ వాళ్లని పిలిస్తే వాళ్లే దిగొస్తారు.

కిరాయికుంటున్నా

"ఎవరెవరో" అంటే ఎవరండీ? నేనూ ఇక్కడే రెండో లైన్‌లో పై పోర్షన్‌లో అద్దెకుంటున్నా. ఎల్బీనగర్ దాకా బైక్ మీద పోయి, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేట వెళ్తా. ఈ కాలనీలో 200 గజాల ఇల్లు కొనాలంటే నా జీతానికి వచ్చే జన్మలో కూడా కుదరదు. ఫ్లాట్ అయితే లోన్ పెట్టి ఎలాగో లాగుతా. మీరు ప్లాట్లు కొన్న రోజుల్లో ఈ కాలనీ కూడా ఎవరిదో పొలమే కదా? అప్పుడు టెంటు ఎవరూ వేయలేదు.

లైన్ నంబర్ 4

తమ్ముడూ, నీ మీద కాదు. రోడ్డు మీద నా బాధ.

ఫైలు మనిషి

నేను ప్లాన్‌లు గీసి పర్మిషన్లకు పెట్టే పనిలో ఉన్నా. ఈ బిల్డర్‌తో నాకు లావాదేవీలేం లేవు, ముందే చెప్తున్నా.

ఆ 30 అంతస్తుల మాట మర్చిపోండి. హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలం కొలతను బట్టి ఇంతే కట్టాలనే లెక్క, 2006లోనే తీసేశారు. అప్పటినుంచి స్థలం ముందున్న రోడ్డు వెడల్పును బట్టే ఎత్తు. 2012లో వచ్చిన భవన నిబంధనల జీవో 168లో దీనికి పట్టిక ఉంది. 12 మీటర్ల రోడ్డుంటే, అంటే మన 40 అడుగులకు, 24 మీటర్ల దాకా లేపొచ్చు. స్టిల్ట్ (కింద పార్కింగ్) మీద ఏడు అంతస్తులనుకోండి. చుట్టూ 8 మీటర్లు ఖాళీ వదలాలి. 18 మీటర్ల రోడ్డుంటే 30 మీటర్ల దాకా పోతుంది. టీడీఆర్ (వేరేచోట స్థలం వదిలినవాళ్లకు వచ్చే నిర్మాణ హక్కు) కొంటే కాస్త పైకి. 30 అంతస్తులకు వంద అడుగుల రోడ్డు కావాలి, అది తోట దరిదాపుల్లో లేదు. కాబట్టి పిటిషన్‌లో "30 అంతస్తులు" అని రాశారో, మొదటి లైన్ చదివి పక్కన పడేస్తారు.

రెండోది, ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుందని ఎదురుచూడకండి. నిర్మాణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఇది ఆ లెక్క సులువుగా దాటుతుంది. కానీ 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లోనే భవన నిర్మాణాలకు పబ్లిక్ హియరింగ్ అక్కర్లేదని రాసిపెట్టారు. ఫ్యాక్టరీ పెడితే ఊరిని పిలిచి కూర్చోబెట్టి అడగాలి. 300 ఫ్లాట్లు కడితే పక్కింటివాళ్లకు చీటీ ముక్క కూడా రాదు. బీపాస్ చట్టం (భవన అనుమతుల చట్టం) కింద అయితే ఫైలు 21 రోజుల్లో తేల్చాలి, లేకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అంటే జేసీబీ వచ్చేసరికి కాగితాలన్నీ అయిపోయి ఉంటాయి. మీరు చెట్ల మీద సున్నం దశలోనే చూశారు, ఇంకా టైమ్ ఉంది.

తొంభైనాలుగు ప్లాటు

చాలా ఉపయోగమైన మాట చెప్పారు బాబూ. నేను ఈ కాలనీలో 1994లో ప్లాటు కొన్నవాణ్ణి. హుడా (అప్పటి నగరాభివృద్ధి సంస్థ) లేఅవుట్. ఎత్తు కన్నా నాకు భయం నీళ్లతోనే. 2020 అక్టోబర్ 13 రాత్రి గుర్తుందా? హయత్‌నగర్‌లో 30 సెంటీమీటర్ల దాకా పడింది. పైనున్న చెరువు అలుగు పోస్తే ఆ నీళ్లన్నీ ముందు తోటలో నిలిచాయి. తోట నిండాకే మూడో లైన్‌లోకి వచ్చాయి. తెల్లారేసరికి మా వరండాలో మోకాలి లోతు. ఫ్రిజ్ తేలుతోంది. తోటలో ఇంకినదంతా పోగా మిగిలిందే మాకొచ్చింది, అదే అంత. రేపు ఆ నేలంతా కాంక్రీట్ పోసి, కింద రెండు సెల్లార్లు తవ్వితే ఆ నీళ్లెటు పోవాలి?

రిటైర్డ్ ఏఈ

ఆ మాట ఊరికే రాస్తే చాలదు సార్, కొలతలతో రాయాలి. తోట వెనకాల ముళ్లకంప మధ్య సన్నగా పారే కాలువ ఉంది చూడండి. ఇప్పుడు చూస్తే మురికి కాలువ. గ్రామ నక్షా (రెవెన్యూ వాళ్ల పాత ఊరి మ్యాపు) తీస్తే పై చెరువు నుంచి కింది చెరువుకు పోయే వాగు అది. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం నాలా అయినా వాగు అయినా వెడల్పు 10 మీటర్ల లోపుంటే అంచు నుంచి 2 మీటర్లు వదిలితే చాలు, 10 దాటితే 9 మీటర్లు వదలాలి. తోట వెనక హద్దు పొడవునా 7 మీటర్లు తేడా అంటే ఒక టవర్ జరగాల్సి వస్తుంది. బిల్డర్ ప్లాన్‌లో సన్నటి నాలా అనే చూపిస్తాడు, చూపించకపోతే వింత. కాబట్టి ఇరిగేషన్, రెవెన్యూ కలిసి జాయింట్ సర్వే చేయాలని అడగండి. పై చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) మ్యాపు హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, ప్రింట్ తీసి జతచేయండి. పది హెక్టార్లు దాటిన చెరువుకు బఫర్, అంటే కట్టకుండా వదలాల్సిన జాగా, 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9.

ఇక డ్రైనేజీ. 300 ఫ్లాట్లు, ఇంటికి నాలుగున్నర మంది అనుకుంటే 1,350 మంది. మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క. మొత్తం 1.8 లక్షల లీటర్లు. అందులో 80 శాతం మురుగై బయటికొస్తుంది, రోజుకు 1.45 లక్షల లీటర్లు. మన వీధిలో ఉన్నది ఇళ్లు తక్కువున్నప్పుడు వేసిన 8 అంగుళాల స్టోన్‌వేర్ పైపు. లోపల ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) పెడతామంటారు, పెట్టాలి కూడా. శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌లకు, మొక్కలకు వాడగా మిగిలింది వీధి లైన్‌లోకే వదులుతారు. ఎస్టీపీ మోటారు ఆపేసి కరెంట్ బిల్లు మిగుల్చుకునే గేటెడ్ కమ్యూనిటీలు నాకు తెలుసు. అప్పుడు శుద్ధి మాట ఉండదు, మొత్తం మన మ్యాన్‌హోల్‌లోంచే లేస్తుంది.

తోటపక్కిల్లు

ఇప్పటికే లేస్తోంది సార్. పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య మా గేటు ముందున్న మ్యాన్‌హోల్ మూత చుట్టూ బుడగలు వస్తాయి. వాటర్ బోర్డు వాళ్లు ఎయిర్‌టెక్ బండి తెచ్చి క్లీన్ చేసి పోతారు, వారం తిరక్కుండా మళ్లీ అంతే.

రిటైర్డ్ ఏఈ

ఆ కంప్లైంట్ నంబర్లన్నీ దాచిపెట్టుకోండి అమ్మా. "ఇప్పుడున్న లైన్ ఇప్పటికే నిండిపోయింది" అనడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. వాటర్ బోర్డు ఫీజిబిలిటీ (కనెక్షన్ ఇవ్వగలమనే లెటర్) ఇచ్చేముందు ట్రంక్ లైన్ (పెద్ద మెయిన్ పైపు) దాకా కొత్త పైపు వేయించాలని రాయండి. ఖర్చు బిల్డర్‌దే.

నాగోల్ వాణి

మాది బండ్లగూడ చెరువు వైపు. మా ఇంటికి ఆనుకునే ఇలాంటిది కట్టారు, ఈమధ్యే పూర్తయింది. మీరంతా కట్టాక వచ్చే కష్టం గురించి మాట్లాడుతున్నారు, కట్టేటప్పుడు ఏమవుతుందో చెప్తా వినండి.

మన దగ్గర నాలుగడుగులు తవ్వితే రాయే. రెండు సెల్లార్లంటే బ్లాస్టింగే. మధ్యాహ్నం విజిల్ వేస్తారు, ఒక నిమిషం అందరూ బిగుసుకుపోతారు, తర్వాత కిటికీ అద్దాలు గలగలమంటాయి. మా వంటగదిలో దూలం కింద వెంట్రుకంత పగులు కనిపించింది. దానికి అడ్డంగా కాగితం ముక్క మైదాతో అతికించి తారీఖు రాశా. నెలకల్లా కాగితం నిలువునా చిరిగింది. బిల్డర్ ఇంజినీర్‌ని పిలిచి చూపిస్తే "ఆంటీ, ఇది మీ పాత పగులే" అన్నాడు. పాతది కాదని చూపించడానికి నా దగ్గర ముందటి ఫోటో ఒక్కటి లేదు. చివరికి పుట్టీ పెట్టి రంగేసి పోయారు. పైకి కనబడట్లేదు అంతే.

కాబట్టి మీరు ఇప్పుడే, తవ్వకం మొదలవకముందే, గోడలన్నీ ఫోటోలు, వీడియో తీసి పెట్టుకోండి. తోటకు ఆనుకున్న ఇళ్లన్నీ. వీలైతే ఒక ఛార్టర్డ్ ఇంజినీర్ చేత రిపోర్ట్ రాయించండి, నలుగురు కలిస్తే ఖర్చు తగ్గుతుంది. బోరు లోతు, ఎంతసేపు పోస్తుందో కూడా రాసుకోండి. సెల్లార్ గుంటలోంచి మోటార్లతో నీళ్లు తోడి రోడ్డు మీదకు వదిలినన్నాళ్లూ మా బోరు గంట కూడా పోయలేదు.

లైన్ నంబర్ 4

ఇన్ని చెప్పాక కూడా ఆపొద్దంటారా ఎవరైనా? సరే, కనీసం మెయిన్ గేటు మన 40 అడుగుల రోడ్డు మీద పెట్టొద్దని అడుగుదాం. తోట అవతల 60 అడుగుల రోడ్డుంది. మధ్యలో ఓ చిన్న బిట్టు అడ్డం ఉంది, వాళ్లు కొనుక్కోవచ్చు. అటునుంచి పొమ్మనండి.

ఫైలు మనిషి

అన్నా, ఆ మాట రాసేముందు పట్టిక మళ్లీ చూడు. ఇప్పుడు వాళ్లకు దక్కేది 24 మీటర్లు. 60 అడుగుల రోడ్డు కలుపుకోమని మీరే దారి చూపిస్తే 30 మీటర్లకు అర్హత వస్తుంది. బిట్టు రేటు ఎంతైనా కొంటారు. మీ కోరికే వాళ్లకు రెండంతస్తులు ఎక్కువ ఇస్తుంది. కార్లు కావాలా, ఎత్తు కావాలా అన్నది కాలనీ తేల్చుకోవాలి. నన్నడిగితే గేటు అటే మేలు. ఏడంతస్తులకూ తొమ్మిదంతస్తులకూ మీ డాబా మీద ఎండలో పెద్ద తేడా ఉండదు, స్కూల్ బస్సు దగ్గర మాత్రం తేడా రోజూ తెలుస్తుంది.

తోటపక్కిల్లు

డాబా మీకు లేదు కాబట్టి అలా అంటున్నారు. నాకు మాత్రం ఎత్తే ముఖ్యం. తొమ్మిదో అంతస్తు బాల్కనీలోంచి మా పెరడంతా కనిపిస్తుంది.

కిరాయికుంటున్నా

రోడ్డు గురించి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. లేఅవుట్‌లో 40 అడుగులే. నిన్న రాత్రి అన్నం తిన్నాక నడుస్తూ అడుగులు లెక్కేశా, బండి పోయే జాగా 26 దాటదు. మిగతాది ఇళ్ల ముందు ర్యాంపులు, మెట్లు, ఇనుప కంచె వేసిన కరివేపాకు చెట్లు, కవరు కప్పి నెలల తరబడి కదలని కార్లు. నాలుగో లైన్ మూలన ఒకాయన జనరేటర్ కూడా పెట్టారు. "మా రోడ్డు ఇరుకు" అని పిటిషన్ ఇస్తే టౌన్ ప్లానింగ్ వాళ్లు టేపు పట్టుకుని వస్తారు. ముందు ఎవరి మెట్లు పోతాయి?

లైన్ నంబర్ 4

ఆ జనరేటర్ గురించి పేరు పెట్టకుండా చెప్పినా ఎవరిదో అందరికీ తెలుసు. కరెంట్ పోతే పక్క రెండిళ్లకూ దాన్నుంచే లైన్ ఇస్తున్నా.

తొంభైనాలుగు ప్లాటు

అబ్బాయి అన్నది నిజమే. ర్యాంపు కాంపౌండ్ గోడ లోపల ఉండాలి, మన వీధిలో అలా ఉన్న ఇల్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బిల్డర్ లాయర్ కోర్టులో మొదట తీసేది ఆ ఫోటోలే.

తోటవాళ్ల మేనల్లుడు

చదువుతూ ఊరుకుందామనుకున్నా గానీ ఊరుకోలేకపోతున్నా. ఆ తోట మా మేనమామలది. నలుగురన్నదమ్ములు. పెద్దమామ పోయాక చూసేవాళ్లు లేరు. పంపకం చేస్తే తలా ముప్పావు ఎకరం పైచిలుకు, మధ్యలో దారి పోతే అదీ మిగలదు. కాపు కౌలుకిస్తే కాపలా మనిషి జీతం కూడా రావట్లేదు. రాత్రయితే గోడ దూకి మందు సీసాలు పగలగొట్టి పోతారు. మీ ఇళ్లలోంచి చెత్త కవర్లు గోడ మీంచి పడతాయి, తీసుకెళ్లి ఎవరికి చూపించాలి? ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్‌కు 7.1 కిలోమీటర్ల మెట్రో ప్రతిపాదన వచ్చాక మీ ప్లాట్ల రేట్లు పెరిగాయి, సంతోషించారు. మా మామలు అదే రేటు చూసి అగ్రిమెంట్ చేస్తే మాత్రం ద్రోహమా? మీకు తోట కావాలంటే అందరూ చందాలేసి కొనండి, పార్కు చేసుకోండి. రేటు నేను మాట్లాడి తగ్గిస్తా.

తోటపక్కిల్లు

బాబూ, మీ మామయ్యలు అమ్ముకోవద్దని నేనలేదు. పెద్దాయన ఉన్నప్పుడు ఏటా మా ఇంటికి బుట్టెడు కాయలు పంపేవారు. వాగు వదలమంటున్నా, డ్రైనేజీ వేయమంటున్నా. ఆ రెండూ మీ వాటా ఫ్లాట్లకూ అవసరమే కదా.

తోటవాళ్ల మేనల్లుడు

వాగు సంగతి మామలకు చెప్తా. అగ్రిమెంట్‌లో సైట్ క్లియరెన్స్ అంతా బిల్డర్ బాధ్యతే అని ఉంది.

మోడరేటర్

రెండు కామెంట్లు తీసేశాను. ఏ ప్రాంతం వాళ్లు వస్తారు, ఏ మతం వాళ్లు వస్తారు అనే చర్చ ఇక్కడ వద్దు. బిల్డర్ కంపెనీ పేరు, ఓనర్ల ఇంటిపేర్లు కూడా రాయకండి.

కిరాయికుంటున్నా

ఫైలు మనిషి అన్నా, ఒక డౌట్. వాట్సాప్‌లో ఇదే తోట పేరుతో ప్రీ లాంచ్ ఆఫర్ తిరుగుతోంది. మొత్తం డబ్బు ఇప్పుడే కడితే చదరపు అడుగుకు బాగా తగ్గిస్తారట. ఫ్లాట్ బదులు ఇప్పటికి యూడీఎస్ (నేలలో వాటా) రిజిస్ట్రేషన్ చేసిస్తామంటున్నారు. నేను అడ్వాన్స్ కడదామా అని ఊగుతున్నా.

ఫైలు మనిషి

ఒక్క రూపాయి కట్టకు తమ్ముడూ. 500 చదరపు మీటర్ల స్థలం గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటిన ఏ ప్రాజెక్టునైనా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ లేకుండా ప్రకటించడం, అమ్మడం, బుకింగ్ తీసుకోవడం 2016 చట్టం ప్రకారం తప్పు. ప్రాజెక్టు అంచనా ఖర్చులో పది శాతం దాకా జరిమానా ఉంది. యూడీఎస్ అంటే నీ చేతికొచ్చేది విడదీయని నేలలో వాటా మాత్రమే. ప్లాన్ పాస్ కాకపోతే ఆ మామిడిచెట్ల కింద నీకో ఇరవై గజాలు ఎక్కడో ఉన్నట్టు, ఎక్కడో చూపించలేనట్టు. ఈ నగరంలో ఆ కాగితాలు పట్టుకుని తిరుగుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ మాత్రం దాచు. ఎన్ని అంతస్తులు, ఎన్ని ఫ్లాట్లు అని అందులో రాసి ఉంటే పిటిషన్‌కు పనికొస్తుంది. రెరాకు విడిగా ఫిర్యాదు కూడా చేయొచ్చు.

లైన్ నంబర్ 4

30 అంతస్తులనే రాసుంది అందులో. ఇప్పుడే చూశా.

ఫైలు మనిషి

అయితే ఇంకా మంచిది. పర్మిషన్ రాని ఎత్తు చెప్పి డబ్బు వసూలు చేస్తున్నారని మొదటి పేరాలో పెట్టండి. వాచ్‌మన్ చెప్పాడని రాస్తే నవ్వుతారు, బ్రోచర్‌లో ఉందంటే చదువుతారు.

రిటైర్డ్ ఏఈ

డ్రాఫ్ట్ నేను రాస్తా. "అపార్ట్‌మెంట్లు వద్దు" అనే వాక్యం పెట్టను, అది చట్టంలో నిలబడదు. వాగు జాయింట్ సర్వే అయ్యేదాకా ప్లాన్ ఆపాలి. ట్రంక్ లైన్ దాకా పైపు పడ్డాకే ఓసీ (కట్టడం పూర్తయ్యాక జనం దిగడానికి ఇచ్చే పత్రం) ఇవ్వాలి. మామూలుగా బిల్డర్ నిర్మాణంలో పది శాతం కార్పొరేషన్‌కు తాకట్టు పెడతాడు, ఓసీ వచ్చాకే విడిపిస్తారు, కాబట్టి ఓసీ దగ్గర పట్టుకుంటే మాట వింటారు. బ్లాస్టింగ్ బదులు రసాయనంతో రాయి పగలగొట్టాలని, చుట్టూ ఉన్న ఇళ్లకు ముందే సర్వే చేయించాలని అడుగుదాం. వానాకాలంలో సెల్లార్ తవ్వకం అసలే వద్దు. గేటు విషయం రాయను. కాలనీలోనే ఒక మాట మీద లేనప్పుడు రాస్తే అధికారులకు మనల్ని విడదీయడం తేలిక.

ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు విడిగా వేద్దాం. పది రూపాయలు, 30 రోజులు. బిల్డర్ వ్యక్తిగత సమాచారమని తిప్పికొట్టే అవకాశం ఉంది, అందుకని ప్లాన్ కాపీ అడగకుండా వాగు మీద ఇరిగేషన్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), వాటర్ బోర్డు ఫీజిబిలిటీ లెటర్, ఫైర్ ఎన్‌ఓసీ, పర్యావరణ అనుమతి దరఖాస్తు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడుగుతా.

నాగోల్ వాణి

రాత్రి పని కూడా చేర్చండి సార్. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా రెసిడెన్షియల్ ఏరియాలో 45 డెసిబుల్స్ దాటకూడదు. మా దగ్గర స్లాబ్ వేసిన రోజు తెల్లారేదాకా కాంక్రీట్ కలిపే మిల్లర్లు తిరిగాయి. వంద నంబర్‌కు ఫోన్ చేస్తే వచ్చారు గానీ, వచ్చి స్లాబ్ మధ్యలో ఆపలేమన్నారు. అది నిజమే. కాబట్టి మొదలుపెట్టకముందే రాయించుకోవాలి.

తొంభైనాలుగు ప్లాటు

నేను మా ర్యాంపు కొట్టించేస్తున్నా. మేస్త్రీకి చెప్పా, గురువారం వస్తాడు. మిగతావాళ్లు కూడా ఒకేసారి చేయించుకుంటే ట్రాక్టర్ కిరాయి కలిసొస్తుంది. ఎవరైనా ఉంటే చెప్పండి.

లైన్ నంబర్ 4

జనరేటర్ లోపలికి జరుపుతా. మెట్లు మాత్రం నేను తీయను, అందరూ తీస్తే చూద్దాం.

తోటపక్కిల్లు

సోమవారం ప్రజావాణికి (అధికారులు ఫిర్యాదులు తీసుకునే రోజు) ఎవరెవరు వస్తున్నారు? నాతో ఆరుగురం అయ్యాం. ఆధార్ జిరాక్స్ పెట్టాలా?

రిటైర్డ్ ఏఈ

అక్కర్లేదమ్మా, చిరునామా, ఫోన్ నంబర్ చాలు. మూడు సెట్లు తీయండి. ఒకటి జోనల్ ఆఫీస్‌కు, ఒకటి ఇరిగేషన్‌కు, మూడోదాని మీద స్టాంపు వేయించుకుని మన దగ్గర పెట్టుకోవాలి. స్టాంపు వేసి తారీఖు రాసేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు. గ్రామ నక్షా కాపీ నా దగ్గరుంది, ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి.